కళ్లంలో లేచేది ఒట్టి దుమ్మేనా?

పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో నూర్పులు మొదలయ్యాయంటే ఇంటికొకరు తుమ్ముతూ కనిపిస్తారు. అడిగితే "మంచు పడదండీ నాకు" అంటారు. తప్పంతా మంచు మీదికే తోసేస్తాం.

కోతకు ముందు వరి కంకిని ఒకసారి దగ్గరగా చూడండి. కాటుక తెగులు తగిలిన గింజ ఉబ్బి, పసుపు రంగులోంచి ముదురాకుపచ్చకు, నలుపుకు తిరుగుతుంది. తాకితే వేలికి మెత్తటి పొడి అంటుకుంటుంది. అదంతా శిలీంధ్ర బీజాలే. ఇది కంటికి కనిపించేది. తడిసిన గడ్డిలో పెరిగే బూజుల బీజాలు కంటికి ఆనవు. మనకు తుపానులొచ్చే అక్టోబరు, నవంబరుల్లోనే వరీ కోతకొస్తుంది. అలా తడిసిన కుప్పను విప్పి మిషన్‌లో వేస్తే పొగలా లేస్తుందే, దాన్ని దుమ్ము అనేసి ఊరుకుంటాం.

బూజుల్లోనూ తేడాలున్నాయి. ఆల్టర్నేరియా అనే బూజు బీజం చాలావరకు 20 మైక్రాన్ల పైమాటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ముక్కులో, గొంతులో ఆగి తుమ్ములు, దురద తెస్తుంది. ఆస్పర్జిల్లస్‌ది 2, 3 మైక్రాన్లే, నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ముఖానికి తువ్వాలు చుడితే చాలని నేనూ చాన్నాళ్లు నమ్మాను. అంత సన్నటిదాన్ని తువ్వాలు ఆపలేదు, ఎన్95 మాస్కు కావాలి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. గాలి ఎంత బాగుందో చెప్పే మన ఏక్యూఐ సూచీ 8 రకాల కాలుష్యాలను చూస్తుంది. వాటిలో బూజు లేదు. వాటిలో ఒకటైన పీఎం 10 అంటే 10 మైక్రాన్ల లోపు సన్న రేణువుల తూకం, అంతే. బొగ్గుదో బూజుదో చెప్పదు. ఆల్టర్నేరియా లాంటి పెద్ద బీజమైతే ఆ తూకానికే రాదు. అందుకే 'గాలి బాగుంది' అన్న రోజున కూడా కళ్లంలో మనిషికి ఆయాసం రావచ్చు.

గాలిలోని బీజాలను పట్టే పరికరాన్ని హిర్స్ట్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త 1952లోనే చేశాడు. నిమిషానికి 10 లీటర్ల గాలి పీల్చి, జిగురు పూసిన గాజుపలక మీద రేణువులను అంటిస్తుంది. తర్వాత మైక్రోస్కోపు ముందు ఎవరో కూర్చుని లెక్కపెట్టాలి. ఆ ఓపికే మనకు కరువు. బోటనీ డిగ్రీ ఉన్న కాలేజీకి ఇది అప్పగిస్తే కుదరని పనేం కాదు.

లెక్క లేకపోవడంతో ఏటా అదే దగ్గుకు అవే యాంటీబయాటిక్‌లు. అలర్జీకి అవి పనిచేయవు. ఆస్తమా ఉన్నవాళ్లలో ఆస్పర్జిల్లస్ అలర్జీ ముదిరితే ఎక్స్‌రేలో టీబీలాంటి మచ్చలు కనిపిస్తాయి. ఆ పొరపాటుతో నెలల తరబడి టీబీ మందులు మింగినవాళ్లు మన దేశంలో ఉన్నారు. అలర్జీని పట్టిచ్చే ఐజీఈ రక్తపరీక్ష ఉంది గానీ, ముందు అనుమానం రావాలి కదా. మనవాళ్లు ఓసారి బరంపురం, ఓసారి శ్రీకాకుళం, కాదంటే విశాఖ తిరుగుతారు. దగ్గు ఏ నెలలో మొదలైందో, ఆ వారం కళ్లంలో ఉన్నారో లేదో ఏ చీటీలోనూ ఉండదు.