తెరవని పెట్టెకు పదికి 9.8

పదికి 9.8 మార్కులు. తెచ్చుకున్నది మీ పిల్లలూ కాదు, మా పిల్లలూ కాదు. ఒక అట్టపెట్టె. దాని మీదున్న పల్చటి ప్లాస్టిక్ తొడుగుకు విడిగా ఇంకో పరీక్ష జరిగింది. అందులో ఏ ప్లస్ ప్లస్. 1996లో వచ్చిన 'సూపర్ మారియో 64' అనే నింటెండో ఆట తాలూకు ఈ పెట్టె 2021 జూలైలో హెరిటేజ్ సంస్థ వేలంలో 15,60,000 డాలర్లు పలికింది. ఆట ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. అలాంటి చోట అడగడం మర్యాద కూడా కాదు.

పాత వీడియో గేములు పోగుచేయడం అనే అమాయకపు వ్యసనం ఒకటి ఉండేది. ఒక పాత యంత్రం, దానిలో గుచ్చి ఆడే ఆటల డబ్బీలు, అంటే కాట్రిడ్జులు, ఒక నాలుగు, పిన్నుల మీది మురికి తుడవడానికి కాస్త స్పిరిటు, అటక మీద నుంచి దించిన డబ్బా టీవీ. అంతే సరంజామా. మానవజాతి ఆ దశ దాటి ముందుకు పోయింది. ఇప్పుడు ఆట కొని ఆడనివాడే ఉత్తముడు. ఆడేవాడు వట్టి వాడకందారు, వాడి దగ్గరున్నది పాతసామాను.

ఈ శాస్త్రం తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. సీలు తీయని పెట్టెను నిపుణుల దగ్గరికి పంపాలి. వారు మూలలు నలిగాయా, రంగు వెలిసిందా, తొడుగు అతుకు ఎక్కడుంది, పెట్టె వెనక దుకాణంలో తగిలించడానికి పెట్టిన అట్ట రెక్క చిరిగిందా అని పరిశీలిస్తారు. 'సూపర్ మారియో బ్రదర్స్' మొట్టమొదటి పెట్టెలకు ప్లాస్టిక్ తొడుగు లేదు, చిన్న స్టిక్కరు మాత్రమే అంటించారు. ఆ స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉన్న పెట్టె కనబడితే నిపుణుల కళ్ళు చెమరుస్తాయి. ఆ తర్వాత మార్కుల చీటీ పెట్టి, మొత్తాన్ని గట్టి ప్లాస్టిక్ పేటికలో బిగించి తిప్పి పంపుతారు. తొడుగు లోపల పెట్టె, తొడుగు మీద పేటిక. ఆట ఇంకా లోపలే ఉంది. ఉందనే అందరి నమ్మకం.

'సూపర్ మారియో 64' కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. కాబట్టి అరుదైనది ఆట కాదు. అన్ని లక్షలమంది పిల్లలు ఆత్రంగా చింపి పారేసిన తొడుగు ఒకచోట చిరగకుండా మిగలడమే అరుదు. ఎవరో ఒక పిల్లవాడికి పుట్టినరోజుకు అందవలసింది అందలేదన్నమాట. ఆ లోటుకు పాతికేళ్ళ వడ్డీ కలిపి ధర కట్టారు.

మరుసటి నెలలోనే ర్యాలీ అనే సంస్థ దగ్గరున్న 'సూపర్ మారియో బ్రదర్స్' పెట్టె 20,00,000 డాలర్లకు పోయింది. ఈ సంస్థవారు పెట్టెను కొని, దాని మీద వాటాలు అమ్ముతారు. ఆటకు వాటాదారులు! ఏ మూల ఎవరిదో, మారియో మీసం ఎవరి వాటాకు వచ్చిందో నాకు తెలియదు. లోపలి ఆట మొత్తం కలిపితే 40 కిలోబైట్లు. చోటు చాలక, నేల మీద పొదకు వాడిన బొమ్మనే రంగు మార్చి ఆకాశంలో మబ్బుగా నిలబెట్టారు దాన్ని చేసినవారు. అంత పొదుపుగా చేసిన పని మీద ఇంత దుబారా.

అయితే నా అభిమాన పెట్టె ఇవేవీ కాదు, అదే జూలైలో 8,70,000 డాలర్లకు అమ్ముడైన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'. 1987 నాటి ఆ కాట్రిడ్జులో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి టంకం వేసి ఉంటుంది. ఆట మధ్యలో ఆపితే ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకోవడం దాని ఉద్యోగం. ముగ్గురు ఆటగాళ్ళ పేర్లు రాసుకోవడానికి మూడు గడులు ఉంటాయి. ఫ్యాక్టరీ గడప దాటినప్పటి నుంచి ఆ బ్యాటరీ చీకట్లో కూర్చుని, ఎవరూ రాయని మూడు పేర్లను కంటికి రెప్పలా కాపాడుతోంది. ఇంకా బతికుందా, పోయిందా? తెలుసుకోవాలంటే పెట్టె తెరవాలి. తెరిస్తే పోయేది బ్యాటరీ కాదు, 8,70,000 డాలర్లు. అందుకని దాని యోగక్షేమాలు ఎవరూ విచారించరు.

మా పిన్ని కొడుకు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. (హెరిటేజ్ వారి ప్రధాన కార్యాలయం కూడా డల్లాసులోనే. గాలి సోకి ఉంటుంది.) మొన్న సంక్రాంతికి పిన్ని మా ఇంట్లో ఉండగా వీడియో కాల్ చేసి, శుభాకాంక్షలు పూర్తికాకుండానే "అన్నయ్యా, నీకొకటి చూపిస్తాను" అంటూ చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్నాడు. ఇంట్లో ఎవరికి ఏమైందోనని పిన్ని కంగారుపడింది. అద్దాల బీరువాలో నీలం దీపాల మధ్య నుంచి వాడు ఒక పేటికను రెండు చేతులతో బయటికి తీశాడు. 'కాంట్రా'. 1988 నాటిది. సీలు తీయనిది.

మాకు కాంట్రా తెలియనిది కాదు. మా ఊళ్ళోకి అసలు నింటెండో యంత్రం ఎన్నడూ రాలేదు గానీ దాని నకళ్ళు వచ్చాయి. లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ అని పేర్లు. గంటకు ఇంతని తీసుకుని ఆడనిచ్చే దుకాణంలో '9999 ఇన్ 1' అని రాసిన కాట్రిడ్జు ఉండేది. విప్పి చూస్తే పట్టుమని పది ఆటలు. మిగతావన్నీ వాటినే నాలుగో దశ నుంచి, ఏడో దశ నుంచి మొదలుపెట్టిన వేషాలు. కాంట్రాలో జలపాతం ఎక్కే దశ ఒకటి ఉంది. ఇద్దరిలో ఒకడు గబగబా పైకెక్కితే తెర వాడితో పాటు పైకి జరుగుతుంది. వెనకబడినవాడు తెర కింది అంచు తగిలి చస్తాడు. ఈ తమ్ముడు ప్రతిసారీ నన్ను అలాగే చంపేవాడు. చంపి, "నువ్వు త్వరగా ఎక్కాలి కదా అన్నయ్యా" అనేవాడు. ఇంతలో కరెంటు పోయేది. ప్రాణాలూ తుపాకులూ గుండ్లూ అన్నీ పోయేవి, మళ్ళీ మొదటి నుంచి.

"ఎంతరా అది?" అని అడిగింది పిన్ని. వాడు డాలర్లలో చెప్పాడు. పిన్ని మనసులో రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు.

"మరి కవరు తీయలేదేమిరా?"

"తీయకూడదమ్మా."

"చెమ్మ పడుతుందిరా లోపల. ఒకసారి తీసి, తుడిచి, కాసేపు ఎండలో పెట్టు."

"అమ్మా, తీస్తే విలువ పోతుంది."

"లోపల వస్తువు ఉందో లేదో చూసుకునే కొన్నావా?"

వాడు నోరు తెరిచి, మూసుకున్నాడు. పిన్నిని తక్కువ అంచనా వేయవద్దు. ఆవిడ తన టీవీ రిమోటుకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంతవరకూ తీయలేదు. కానీ ఆ రిమోటుతోనే రోజూ సీరియళ్ళు చూస్తుంది. కవరు ఉండవచ్చు, వస్తువు మాత్రం పని చేయాలి. ఇంత సూక్ష్మం వేలంపాట నిపుణులకు ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడు వాడి ఎనిమిదేళ్ళ కొడుకు వచ్చాడు. "నాన్నా, ఇది ఆడుకోవచ్చా?"

"ఇది ఆడేది కాదు నాన్నా."

"గేమ్ అన్నావు కదా?"

"గేమే. కానీ నీ భవిష్యత్తు కోసం. పెద్దయ్యాక అమ్ముకోవచ్చు."

పిల్లవాడు పేటికను ఓసారి చూసి, ట్యాబు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంతకీ ఆడే యంత్రం ఇంట్లో ఉందా అని నేను అడిగాను. లేదట. 85 అంగుళాల టీవీలో ఆ బొమ్మలు బాగుండవట.

ఇంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు. ఎవడి డబ్బు వాడిది. కానీ ఫోను పెట్టేసే ముందు వాడు గొంతు కాస్త గంభీరంగా మార్చి, "ఇది డబ్బు కోసం కాదన్నయ్యా, చరిత్రను కాపాడుతున్నాం" అన్నాడు.

కాపాడుతున్నారట! జెల్డా కాట్రిడ్జు విప్పి, చచ్చిన బ్యాటరీ పీకి, కొత్తది టంకం వేసేవాడు కాపాడుతున్నాడు. నింటెండో యంత్రం తెర టపటపా వెలిగి ఆరుతుంటే, పరాయి కాట్రిడ్జులను ఆపడానికి కంపెనీ పెట్టిన కాపలా చిప్పును వెతికి, దాని నాలుగో కాలు కత్తిరించేవాడు కాపాడుతున్నాడు. 'డక్ హంట్' తుపాకీ మీట నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ మెరుపునే పట్టుకుంటుంది. కొత్త టీవీలో ఆ లెక్క కుదరదు కనుక, నడుం పట్టేసినా సరే బండరాయి లాంటి డబ్బా టీవీని మూడో అంతస్తుకు మోసేవాడు కాపాడుతున్నాడు. మీరు లక్షల డాలర్లు పోసి తెరవకుండా ఉంచిన అదే 'సూపర్ మారియో 64'ను అభిమానులు పైసా తీసుకోకుండా విప్పి, లోపలి ప్రోగ్రాము మొత్తాన్ని తిరిగి రాసి 2019లో అందరి ముందూ పెట్టారు. మరుసటి ఏడు అది కంప్యూటర్‌లో నడిచింది. నింటెండో లాయర్లు నోటీసులతో వచ్చి దొరికిన ప్రతులన్నీ తీయించారు.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన వీడియో గేముల్లో 87 శాతం ఇప్పుడు డబ్బిచ్చి కొందామన్నా దుకాణంలో లేవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. అదే ఏడాది మార్చిలో నింటెండో తన వీ యూ, 3డీఎస్ యంత్రాల ఆన్‌లైన్ ఆటల దుకాణానికి తాళం వేసింది. పోనీ, పరిశోధన చేసుకునేవారికి గ్రంథాలయాలు పాత ఆటలను దూరం నుంచి చూడనివ్వవచ్చా అని అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కుదరదంది. పరిశోధన పేరు చెప్పి సరదాగా ఆడేస్తారేమోనని హక్కుదారులకు భయం. ఆడేస్తారేమోనని! ఆటను! అమ్మేవాడు అమ్మడు, చట్టం అడుగు పెట్టనివ్వదు, మిగిలిన నాలుగు ప్రతులను డబ్బున్నవాడు పేటికలో బిగించి దీపం పెడతాడు. వీళ్ళందరూ కలిసి, కరెంటు పోయేదాకా మాకు ఆ ఆటలు ఆడనిచ్చిన ఊరి దుకాణదారును దొంగ కాపీలవాడంటారు. సిగ్గుండాలి.

వేసవిలో పిన్ని ఫ్రిస్కో వెళుతోంది, ఆరు నెలలు ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా మర్నాటికల్లా బీరువాలన్నీ ఖాళీ చేసి, ప్రతి వస్తువునూ తుడిచి సర్దితే తప్ప ఆవిడకు తోచదు. మొన్న ఫోనులో మనవడితో ఏదో గుసగుసలాడుతూ కత్తెర మాట ఎత్తింది. తమ్ముడికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత అన్నగా నా మీద ఉంది. జలపాతం గుర్తొచ్చి ఊరుకున్నాను.