మహారాజశ్రీ వార్విక్ పాలరాతి కలశం గారికి

ఉభయకుశలోపరి. స్కాట్లండ్‌లో గ్లాస్గో ఊరి బర్రెల్ కలెక్షన్ మ్యూజియంలో తమరు క్షేమమని తలుస్తాను. ఎనిమిది టన్నుల పైచిలుకు మనిషికి దొంగల భయం ఎలాగూ లేదు.

తమరి వయసు గురించి చిన్న అనుమానం. ఇటలీలో తివోలి దగ్గర, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ విల్లాలో, బురదలో ముక్కలై పడి ఉంటే 1771 ప్రాంతంలో గావిన్ హామిల్టన్ అనే స్కాట్లండ్ చిత్రకారుడు తవ్వించి తీశాడు. నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారి సర్ విలియం హామిల్టన్ వాటిని కొన్నాడు. చాలని చోటల్లా కరారా నుంచి కొత్త రాయి తెప్పించి అతికించాడు. మా ఊళ్లో రెండు పాత గోడలుంచి, మిగతా ఇల్లంతా కొత్తగా కట్టి, మున్సిపాలిటీకి 'మరమ్మతు' అని రాసిచ్చే పెద్దమనుషులున్నారు. తమరి ముందు వాళ్లు పసిపిల్లలు.

తమరిని బ్రిటిష్ మ్యూజియానికి అంటగట్టాలని రాయబారి గారు చూశాడు, బేరం కుదరలేదు. మ్యూజియం వద్దన్నది మేనల్లుడికి ముద్దొచ్చింది. ఆయన వార్విక్ ఎర్ల్, కోట ఉన్నవాడు. తమరి కోసం మొక్కలు పెంచే గాజు కిటికీల మందిరమే కట్టించాడు. మొక్కలు పెంచే చోట రాయిని పెంచడం జమీందార్లకే చెల్లింది.

అందం మాత్రం కాదనను. ద్రాక్షతీగ మొదళ్లు మెలిదిరిగి పిడులయ్యాయి, కొసలు పాకి అంచు కింద గుత్తులు కాశాయి. ఆ కింద పంజాలతో సహా చిరుతపులి తోలు, దాని మీద గడ్డాల తలకాయలు. ఒళ్లంతా మద్యం దేవుడు బాకస్ పరివారమే! తమరిలో చుక్క పోసిన పాపాన ఎవరైనా పోయారో లేదో గానీ, వైన్ సీసాలు చల్లబెట్టే పనంతా తమరి వెండి నకళ్ల మీద పడింది. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ పదిసార్లు ఎత్తిన కప్పూ తమరి పోలికే. చెమట వాళ్లది, పేరు తమరిది.

ఇక 1978. వార్విక్ వారు తమరిని అమ్మేశారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పట్టుకెళ్లబోతే బ్రిటన్‌కు ఒక్కసారిగా కడుపు తరుక్కుపోయింది. దేశ సంపద దాటిపోతోందని ఎగుమతి లైసెన్స్ ఆపేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. మరుసటి ఏడు రెండున్నర లక్షల పౌండ్ల పైన పోసి బర్రెల్ కలెక్షన్‌కు కొన్నారు. ఆ కలెక్షన్‌ను కూడబెట్టిన ఓడల వ్యాపారి బర్రెల్ గారు 1958లోనే పోయారు కాబట్టి, తమరు నచ్చారో లేదో ఆయన్ని అడిగే టెన్షన్ లేకపోయింది.

ఒక్క మనవి. తమరు ఇటలీ దాటిన రోజున రేవులో ఇలాగే ఎవరైనా గుండెలు బాదుకున్నారా? గుర్తుంటే తిరుగు టపాలో రాయగలరు. ఆనాటి లైసెన్స్ కాగితం ఏదైనా దగ్గరుంటే ఒక నకలు జతచేయగలరు. నకళ్లు తమరికి కొత్త కాదు కదా.

చిత్తగించవలెను.