నాలుగంగుళాల హైహీల్స్ గారికి

హైహీల్స్ గారికి,

ఇద్దరున్నారు కాబట్టి ‘మీరు’ అంటున్నాను. గౌరవమనుకుని మురిసిపోకండి.

గంటస్తంభం దగ్గర మిమ్మల్ని కొన్నరోజే నాకు అనుమానం రావాల్సింది. కొట్టతను నా మెడలో పసుపుతాడు, చేతిలో కూరల సంచి చూసి, “పాప సైజెంతమ్మా?” అనడిగాడు. నాకే అన్నాను. “ఓహో, రిసెప్షనా!” అన్నాడు. ఇద్దరు పిల్లల తల్లి హైహీల్స్ కొంటే ఎవరిదో పెళ్ళయినా ఉండాలి, లేదా మతైనా పోయుండాలి. పెళ్ళయినవాళ్ళ అందాల పోటీకి, అదే మిసెస్ పోటీకి అని చెప్పే ధైర్యం లేక, ఆడపడుచు కూతురికి ఆ క్షణంలోనే పెళ్ళి చేసేశాను. ఆ పిల్ల ఇంకా ఇంటర్.

అప్పటినుంచి మన కాపురం మేడమీదే. తెల్లవారుజామున నాలుగున్నరకి, కుళాయి రాకముందు, వాటర్ ట్యాంకు నుంచి వడియాలు ఎండబెట్టే మూల దాకా ర్యాంపు. తలమీద మా అబ్బాయి ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం. వాడి తలలోకి ఎక్కనిది నా తలమీదికైనా ఎక్కింది. చివరికెళ్ళి, నడుమ్మీద చెయ్యేసి, మూడు లెక్కపెట్టి తిరగమని ట్రైనర్ చెప్పింది. మూడు లెక్కపెట్టడం నాకొకరు నేర్పాలా! పదిహేనేళ్ళుగా కుక్కరు కూతలు లెక్కపెడుతున్నదాన్ని. మూడో కూతకి ఠక్కున తిరుగుతాను, అలవాటుగా స్టవ్ కట్టేయడానికి చెయ్యి చాస్తూ.

కానీ మీ నోరుంది చూశారూ! మా అత్తగారికి పక్కన పిడుగు పడ్డా వినబడదు, మీ టకటక మాత్రం కింద మంచం మీదికి వినబడింది. “ఏటమ్మా అది, మేడమీద మేకేటైనా ఎక్కిందేటి?” అని కేకేశారు. ఎక్కింది అత్తయ్యా, తోలేస్తున్నాను అన్నాను. మేక గురించి మేకే అబద్ధమాడాల్సి వచ్చింది.

2025 మేలో హైదరాబాదులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు ఇదే అత్తగారు, ఇదే మావారు టీవీ ముందునుంచి కదల్లేదు. థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతాకి కిరీటం పెడుతుంటే, “ఎంత హుందాగా నడుస్తోందో చూడు” అని మావారు నాకు చూపించారు. నేను అప్పుడు వాళ్ళకి పెసరట్లు వేస్తున్నాను. హుందాగానే వేశాను.

మావారిని అనకూడదులెండి. ఆయన పర్మిషన్ ఇచ్చారు. ఇచ్చినరోజు నుంచి రోజుకోసారి ఇచ్చానని గుర్తుచేస్తున్నారు కూడా. సాంబారులో ఉప్పు తక్కువైతే, “మేడమ్ గారి ధ్యాస కిరీటం మీదుంది” అంటారు. పెళ్ళయినప్పటినుంచీ ఉప్పు తక్కువే వేస్తున్నాను, ఆయన బీపీ కోసం.

డబ్బు సంగతి మీకు తెలుసు. ఆడిషన్‌కో ఫీజు, గ్రూమింగ్‌కో ఫీజు, ఫొటోలకో ఫీజు. కిరీటం ఒక్కరికే కాబట్టి మిగిలినవాళ్ళు నొచ్చుకోకుండా అందమైన చిరునవ్వుకి, అందమైన జుట్టుకి, భుజాన వేసే తలో పట్టీ ఉందట. నాకు అందమైన సహనం అని ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది. చీటీ పాడి కట్టాను. ఇంట్లో ఫ్రిజ్ కోసమని చెప్పాను. చెప్పిన మర్నాటినుంచి ఆ పాత ఫ్రిజ్ ఏనాడూ లేనంత బాగా పనిచేస్తోంది.

పెళ్ళయినవాళ్ళకి ఇవన్నీ ఎందుకన్న మాట మా వీధిది మాత్రమే కాదు. మిస్ యూనివర్స్ వాళ్ళే 2023 పోటీల దాకా పెళ్ళయినవాళ్ళనీ తల్లుల్నీ గుమ్మంలోకి రానివ్వలేదు. అందుకే నేను 2022లో మిసెస్ వరల్డ్ గెలిచిన సర్గమ్ కౌశల్ పేరు పట్టుకుని వేలాడుతున్నాను. 2001లో అదితి గోవిత్రికర్ తర్వాత మళ్ళీ మనకి ఆ కిరీటం తెచ్చినావిడ. ఆవిడ మన పక్కనే వైజాగ్‌లో టీచరుగా పనిచేశారు తెలుసా? ఇది మావారికి చెబితే, “వాళ్ళాయన నేవీ” అన్నారు. అంటే ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఒకటి చెప్తాను, మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ క్షమించాలి. అమ్మవారు పూజారిగారి కలలోకొచ్చి ఫలానా చోట చింతమాను ఉందని చెబుతుందట. ఊరంతా ఆ కల వెంట వెళ్ళి మాను తెస్తుంది. దసరా వెళ్ళిన మంగళవారం, పూజారిగారు ఆ మానుతో చేసిన సిరిమాను కొసన కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే, కింద జనం అరటిపళ్ళు విసిరి మొక్కుతారు. నేనూ ఏటా మొక్కుతాను. కల వెంట వెళ్ళడం తెలియని ఊరు కాదు మాది. అంత ఎత్తు చూసి చేతులెత్తే ఊరు, నాలుగంగుళాలకే కళ్ళు తిరుగుతోంది! పోల్చకూడదు. లెంపలేసుకున్నాను.

ప్రశ్నల రౌండుకి జవాబు బట్టీ పట్టాను: “నా కుటుంబ సహకారం వల్లే ఇక్కడ నిలబడ్డాను.” ఇది తప్ప ఇంకేది చెప్పినా మార్కులు పోతాయట. నిలబెడుతున్నది మీరని నాకు తెలుసు. కరుస్తున్నదీ మీరే. ఎడమ మడమ దగ్గర చర్మం లేచిపోయింది, కొబ్బరినూనె రాసి దూది పెట్టాను. ఎడమావిడా, ఈ ఒక్క వారం పళ్ళు బిగబట్టుకో.

ఆదివారం పొద్దున్నే వైజాగ్ పాసింజర్. స్టేషన్ దాకా రబ్బరు చెప్పులతోనే వస్తాను. మీరు సంచిలో అడుగున, పులిహోర డబ్బా పక్కన పడుకోండి. అత్తగారు గుమ్మందాకా వస్తే, చప్పుడు చేశారో, మీరూ మేకలే నేనూ మేకే.

ఇట్లు,
మీ పైనున్నావిడ,
విజయనగరం