కీర్తిశేషుల బాక్సింగ్‌కి ఒక ట్రిబ్యునల్ కావలెను

కృష్ణా జలాలకు ట్రిబ్యునల్ ఉంది. పన్ను ఎగవేతలకు ఉంది, రైలు ప్రమాద పరిహారాలకు ఉంది. వీటన్నిటికంటే జటిలమైన ఒక తగాదా మాత్రం ఇప్పటికీ దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంది. 1918లో కాలం చేసిన ఒకనాటి హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ ఎల్. సలివాన్ మళ్లీ లేచి వచ్చి మన కాలపు హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీతో రింగులోకి దిగితే గెలిచేదెవరు? ఈ ప్రశ్న మీద పెద్దమనుషులు తెల్లవార్లూ కొట్టుకుంటున్నారు. అసలు బాక్సర్లు కూడా అంతసేపు కొట్టుకోలేదు.

పాతకాలం పక్షంవారి వాదన ఎప్పుడూ ఒకచోటే మొదలవుతుంది. 1889 జులై 8, మిసిసిపీ రాష్ట్రం, రిచ్‌బర్గ్. నెత్తి మాడే ఎండలో, గ్లోవ్స్ లేని చేతులతో, సలివాన్ 75 రౌండ్లు పోరాడి జేక్ కిల్‌రెయిన్‌ని ఓడించాడు. మొత్తం రెండు గంటల పదహారు నిమిషాలు. 44వ రౌండులో రింగులోనే వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్లీ కొట్టాడు. "మరి ఇప్పటివాళ్లో? పన్నెండు రౌండ్లకే నాలిక బయటపెడతారు" అని వీరి ఎత్తిపొడుపు.

వినడానికి బాగానే ఉంది. కాకపోతే ఆనాటి లండన్ నిబంధనల ప్రకారం మనిషి నేలను తాకితే రౌండు అయిపోయినట్టే. దెబ్బ తగిలి పడినా, ఎత్తి కుదేస్తే పడినా లెక్క ఒకటే. ఎందుకొచ్చిన గొడవలే అని తనంతట తానే చతికిలబడటం నిబంధనలకు విరుద్ధమే అయినా, ఆచరణలో అదీ నడిచిపోయేది. ఆపైన అర నిమిషం విశ్రాంతి. కిల్‌రెయిన్ ఈ సదుపాయాన్ని మొహమాటం లేకుండా వాడుకున్నాడు. విశ్రాంతితో కలిపి భాగించి చూడండి, రౌండుకి సగటున రెండు నిమిషాలు కూడా రాదు. ఇక ఇప్పటి పన్నెండు రౌండ్ల సంగతి. అవి పదిహేను నుంచి తగ్గింది ఆయాసం వల్ల కాదు. 1982లో రే మాన్సినీతో 14వ రౌండు దాకా పోరాడిన దుక్ కూ కిమ్ ఆ దెబ్బలకు చనిపోయాడు. ఆ తర్వాతే తగ్గించడం మొదలైంది. ఎత్తిపొడిచేవారు ఈ సంగతి ఎత్తరు.

కొత్తకాలం పక్షంవారు తక్కువ తిన్నారా? వీరి చేతిలో తూకపు యంత్రం ఉంటుంది. 1897లో కార్సన్ సిటీలో జేమ్స్ కార్బెట్‌ని పొట్టమీద ఒక్క గుద్దుతో కూలదోసి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన బాబ్ ఫిట్జ్‌సిమన్స్ బరువు సుమారు 76 కిలోలు. ఇవాళైతే ఆయన్ని హెవీవెయిట్ గుమ్మం కూడా తొక్కనివ్వరు, సూపర్ మిడిల్‌వెయిట్ వరసలో నిలబెడతారు. 85 కిలోల జాక్ డెంప్సీ, ఇంచుమించు అంతే ఉన్న రాకీ మార్సియానో కూడా ఇవాళ్టి క్రూజర్‌వెయిట్ (హెవీవెయిట్‌కంటే కింది తరగతి) పరిమితి దాటరు. కాబట్టి పాతవాళ్లంతా వట్టి పిల్లకాయలని వీరి తీర్పు.

కిలోల లెక్కే ఖాయమైతే చరిత్రలోకెల్లా మహావీరుడు ఏడడుగుల నికొలాయ్ వాల్యూవ్ కావాలి. ఆయన్ని 2009లో డేవిడ్ హే ఓడించాడు, సుమారు 98 కిలోల మనిషి. 1919 జులై 4న టొలీడోలో డెంప్సీ తనకంటే పాతిక కిలోలు పైనున్న జెస్ విల్లర్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు నేల కరిపించాడు. అదంతా పాతరోజుల సంగతంటారా? 2024 మేలో రియాద్‌లో 119 కిలోల ఫ్యూరీని 101 కిలోల ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ ఓడించాడు. తూకం తేడా వచ్చిందేమోనని డిసెంబరులో మళ్లీ పెట్టారు. మళ్లీ ఓడించాడు.

మూడో పక్షం కూడా ఉంది. వీరు పాత ఫిల్ములు చూసి తీర్పులిస్తారు. చేత్తో హ్యాండిల్ తిప్పుతూ తీసిన ఫిల్మును తర్వాతి కాలం ప్రొజెక్టర్‌లో వేస్తే ఎంతటి మొనగాడైనా తపాలా బిళ్ల కోసం పరుగెత్తే గుమాస్తాలాగే కనిపిస్తాడు. అది చూసి "వీళ్లకి అడుగులు వేయడమే రాదు" అని తేల్చేస్తారు. వీరి కోసం ట్రిబ్యునల్ సమయం వృథా చేయదలచుకోలేదు.

ఇంతమందికీ నమ్మకమైన నిపుణులు లేరా అంటే, ఉన్నారు. 'ది రింగ్' పత్రిక స్థాపించిన నాట్ ఫ్లైషర్ బాక్సింగ్‌కి పెద్దదిక్కు. ఆయన జాబితాలో మొదటి మూడు స్థానాలు జాక్ జాన్సన్, జిమ్ జెఫ్రీస్, ఫిట్జ్‌సిమన్స్‌లవి. కార్బెట్‌ది ఐదోస్థానం, జో లూయీది ఆరోస్థానం. ముహమ్మద్ అలీకి మొదటి పదిలో చోటే దొరకలేదు. ఇదేం అన్యాయమని ఆవేశపడే ముందు ఫ్లైషర్ పుట్టిన సంవత్సరం చూడండి: 1887. ఆయనకు పదిహేనేళ్లు నిండేసరికి జెఫ్రీస్ ఛాంపియన్! మనకు మీసాలు మొలిచే వయసులో ఎవరు గెలుస్తున్నారో వాళ్లే సర్వకాలాల్లోకీ గొప్పవాళ్లు. సినిమా హీరోల విషయంలో మన ఇళ్లలో మూడు తరాలుగా ఈ సూత్రం మీదే యుద్ధాలు నడుస్తున్నాయి.

మనుషుల్ని నమ్మలేం కాబట్టి యంత్రాన్ని అడుగుదామని 1967లో ముర్రే వోరోనర్ అనే రేడియో నిర్మాతకు తోచింది. పదహారుమంది ఛాంపియన్ల వివరాలు ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌కి మేపి, అది తేల్చిన పోటీలను రేడియోలో కామెంటరీతో సహా వినిపించాడు. కంప్యూటర్ మహాశయుడు ఫైనల్లో డెంప్సీ మీద మార్సియానోని గెలిపించాడు. అంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ క్వార్టర్ ఫైనల్లో జెఫ్రీస్ చేతిలో అలీని ఓడించాడు. అక్కడ చిన్న సాంకేతిక సమస్య వచ్చింది. అలీ బతికే ఉన్నాడు. పది లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు.

రాజీ ఎలా కుదిరిందో చూడండి. అలీని, రిటైరైన మార్సియానోని 1969లో ఒక స్టూడియోలో నిలబెట్టి, ఉత్తుత్తి దెబ్బలతో నిమిషం నిమిషం రౌండ్లుగా బోలెడు ఫిల్ము తీశారు. మార్సియానో బట్టతలకు విగ్గు పెట్టారు. ముగింపులు ఒకటికి మించి తీశారు. సినిమా విడుదల కాకముందే మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో 13వ రౌండులో మార్సియానో నాకౌట్ చేసి గెలిచాడు. యూరప్‌లో అలీ గెలిచాడు. ఏరియాని బట్టి క్లైమాక్సు! దీన్నే శాస్త్రీయ పద్ధతి అన్నారు. ఆ కంప్యూటర్‌ని జాతివివక్షకు పేరుమోసిన అలబామాలో తయారుచేసి ఉంటారని అలీ అన్నాడట.

వేళాకోళానికి అన్నా ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఎందుకంటే ఆ పదహారుమందిలో పీటర్ జాక్సన్ లేడు, శామ్ లాంగ్‌ఫర్డ్ లేడు, హ్యారీ విల్స్ లేడు. వారు ఛాంపియన్లు కారు కదా అంటారు. ఎందుకు కారంటే, నల్లవాళ్లు కనుక వారికి టైటిల్ పోటీ ఇవ్వలేదు. ఛాంపియన్లు కాలేదు కాబట్టి కంప్యూటర్ లోపలికీ రానివ్వలేదు. జాక్సన్ 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్బెట్‌తో 61 రౌండ్లు తలపడితే ఫలితం తేలలేదు. అదే కార్బెట్‌కి మరుసటి ఏడాది సలివాన్ టైటిల్ పోటీ ఇచ్చి, 21వ రౌండులో ఓడిపోయాడు. నల్లవాడితో మాత్రం పోటీపడనని సలివాన్ బాహాటంగా ప్రకటించాడు. విల్స్ ఏళ్ల తరబడి ఎదురుచూసినా డెంప్సీతో పోటీ కుదరలేదు. 1908లో అప్పటి ఛాంపియన్ వెంటపడి సిడ్నీ దాకా వెళ్లి టైటిల్ గెలిచిన నల్లవాడు జాక్ జాన్సన్ ఏం చేశాడయ్యా అంటే, ఛాంపియన్ అయ్యాక లాంగ్‌ఫర్డ్‌కి ఒక్క అవకాశం ఇవ్వలేదు. నల్లవాళ్లిద్దరి పోటీకి టికెట్లు తెగవన్నది ఆనాటి వ్యాపార సూత్రం. జాన్సన్‌కి అది బాగా వంటబట్టింది.

అంటే నూట ముప్పై ఏళ్ల దూరంలో ఉన్న సలివాన్‌ని, ఫ్యూరీని కలపడానికి మనం ఇంత తంటాలు పడుతున్నాం. ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో, ఒకే రైలు ఎక్కితే కలుసుకోగలిగిన ఇద్దరిని కలపడం మాత్రం ఎవరివల్లా కాలేదు. ఛాంపియన్ల రికార్డు పుస్తకాల్లో "ఓటమి ఎరుగడు" అని ఉన్నచోట, ఎవరెవరితో తలపడలేదో ఒక అనుబంధం జతచేయాలని మనవి.

అందుచేత ట్రిబ్యునల్ వెంటనే ఏర్పాటు చేయాలి. తనకు పదిహేనేళ్లప్పుడు ఎవరి ఫొటో గోడకు అంటించుకున్నదీ ప్రతి న్యాయమూర్తీ ముందుగా అఫిడవిట్ దాఖలు చేయాలి. తూకపు యంత్రాలు, పాత ఫిల్ములు గేటు దగ్గరే అప్పగించాలి. 2024 డిసెంబరు పోటీకి ప్రయోగంగా కూర్చోబెట్టిన ఏఐ జడ్జిని కావాలంటే గుమాస్తాగా పెట్టుకోవచ్చు. ఫ్యూరీ-సలివాన్ కేసుకు వాయిదా ఇచ్చేద్దాం, తొందరేం లేదు. మొదటి నంబరు కేసు పీటర్ జాక్సన్ వర్సెస్ జాన్ ఎల్. సలివాన్, 1892వ సంవత్సరానిది. ప్రతివాదికి నోటీసు పంపుదాం. ఈసారి కూడా హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చేయడమే.