నకలు కావాలా? ముందు ‘ఎందుకు’ చెప్పండి

ఉదయం ఆరున్నరకి గట్టు దగ్గర కొట్లాట జరిగింది. ఎనిమిదింటికి స్టేషన్‌లో ఫిర్యాదు పడింది. తొమ్మిదికల్లా టీ బంకు దగ్గర ఎఫ్‌ఐఆర్ మొత్తం సిద్ధం. ముందు చెయ్యి చేసుకున్నది ఎవరు, గునపం ఎవరింటిది, దెబ్బ ఏ భుజం మీద పడింది, ఎస్‌ఐ గారికి ఎవరు ఫోన్ చేశారు, ఆయన ఏమన్నారు, అన్నీ అందులో ఉన్నాయి. ఫీజు లేదు, అర్జీ లేదు, అడక్కుండానే వినిపిస్తారు. ఇంత పారదర్శకత వెల్లివిరిసే ఊళ్లో అసలు కాగితం చూడని మనిషి ఒక్కడే మిగిలాడు. ఆయనే దెబ్బలు తిన్నవాడు, మా పెదనాన్న.

పోనీ ఊరుకున్నాడా? ఎఫ్‌ఐఆర్ నకలు అడిగాడు. ఊళ్లో ఆయన పరువు తగ్గడం అక్కడ మొదలైంది.

చట్టాన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. చట్టానిది వెన్నలాంటి మనసు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173వ సెక్షన్, ఫిర్యాదుదారుడికో బాధితుడికో ఎఫ్‌ఐఆర్ నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలంటుంది. అంతకుముందు ఇదే పనికి వాడిన సీఆర్‌పీసీ 154వ సెక్షన్‌లోనూ ఫిర్యాదుదారుడికి ఇదే హామీ. అంటే ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషన్ మెట్లెక్కిన మన నాన్నలకీ ఇదే హక్కు ఉండేది. వాళ్లు వాడుకోలేదు, మర్యాదస్తులు కాబట్టి.

స్టేషన్‌లో కాగితాలు రాసే రైటరు గారు కూడా మంచి మనిషే. కోప్పడలేదు, కసురుకోలేదు. తలెత్తకుండా ఒక్క మాట అడిగారు. ‘ఎందుకయ్యా నీకు?’

ఈ ప్రశ్నకి చట్టంలో జవాబు దొరకదు. దొరకదు ఎందుకంటే చట్టంలో ఈ ప్రశ్నే లేదు. కానీ గుమ్మంలో నిలబడ్డవాడు ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా. ‘దగ్గర పెట్టుకుందామని’ అన్నాడు పెదనాన్న. ‘దగ్గర పెట్టుకుని ఏం చేస్తావ్?’ అన్నారు రైటరు గారు. ‘లాయరుకి చూపిద్దామని’ అన్నాడు. ‘ఓహో, అప్పుడే లాయరు దాకా వెళ్లావా?’ అని కుర్చీ కొంచెం వెనక్కి జరిపారు. చివరికి ‘ఊరికేనండీ’ అన్నాడు పాపం. అనకూడని మాట అదే. పొలం గట్టు మీద గునపం తిప్పినవాడి కన్నా, ఊరికే నకలు అడిగేవాడు ఎంత ప్రమాదకరమో పాలన తెలిసినవాళ్లకి వేరే చెప్పాలా?

పాఠకుల సౌకర్యం కోసం సరైన జవాబు ఇక్కడ రాస్తున్నాను, కత్తిరించి దాచుకోండి. ‘మా బావమరిది ఒకసారి ఫొటో తీసి పంపమన్నాడండీ.’ ఆ బావమరిది ఎవరో, ఏ ఆఫీసులో పనిచేస్తున్నాడో ఎదుటివారికి తెలియదు. ఆ తెలియని ఒక్క క్షణంలో ప్రింటరు పనిచేసే అవకాశం ఉంది. నిజంగా బావమరిది లేనివాళ్లు కూడా వాడుకోవచ్చు.

మా పెదనాన్నకి ఈ కిటుకు తెలియదు. ‘సారు బందోబస్తుకి వెళ్లారు, సోమవారం రా’ అన్నారు. మన దగ్గర జాతరలకీ, మంత్రుల పర్యటనలకీ సోమవారాలతో ఏదో గట్టి బంధం ఉంది. నాలుగు సోమవారాలు అలా పోయాయి.

ఈలోగా పట్నంలో చదువుకుంటున్న మా తమ్ముడు వచ్చి ఇంటర్నెట్ మార్గం చూపించాడు. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లో దాన్ని వెబ్‌సైట్లో పెట్టాలి. సిగ్నల్ అందని మారుమూల ప్రాంతమైతే 48 గంటలు, మరీ అయితే 72. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకి మినహాయింపు. గట్టు తగాదా ఆ జాబితాలోకి రాదు, ఊళ్లో అదెంత సున్నితమైనదైనా సరే. తీర్పు ఇచ్చినవాళ్లు మనలాంటి ఊళ్లని గుర్తుపెట్టుకుని రెండు రోజులు ఎక్కువ ఇచ్చారంటే నాకు నిజంగానే ముచ్చటేసింది.

సరే, సైటు తెరిచాం. జిల్లా అడిగింది, చెప్పాం. స్టేషన్ అడిగింది, చెప్పాం. సంవత్సరం చెప్పాం. తర్వాత ఎఫ్‌ఐఆర్ నంబరు అడిగింది. ఎఫ్‌ఐఆర్ నంబరు ఎక్కడుంటుంది? ఎఫ్‌ఐఆర్ మీద ఉంటుంది.

మా తమ్ముడు మొండివాడు. ఒకటో నంబరు నుంచి వరసగా కొట్టుకుంటూ పోయాడు. రాత్రి పదకొండున్నరకల్లా మండలంలో ఎవరి గేదె పోయిందో, ఏ బోరు మోటారు ఎత్తుకుపోయారో, పెళ్లి బరాతులో ఎవరు ఎవరి చొక్కా చింపారో మా ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. మా పెద్దమ్మ పక్కనే కూర్చుని ‘ఇంకోటి నొక్కరా’ అంటూనే ఉంది. చివరికి మాది దొరికింది.

దొరికాక తెలిసింది, అందులో గునపం లేదని.

ఫిర్యాదులో ‘గునపంతో ఎడమ భుజం మీద కొట్టినాడు’ అని పెదనాన్న చెప్పి రాయించాడు. ఎఫ్‌ఐఆర్‌లో ‘చేతులతో కొట్టినాడు’ అని ఉంది. చూడ్డానికి చిన్న తేడా. నేరాలకి శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో చేతులతో కొడితే 115వ సెక్షన్, శిక్ష ఏడాది దాకా. గునపం లాంటి దానితో కొడితే 118, మూడేళ్ల దాకా. అంటే స్టేషన్ వరండాకీ కంప్యూటర్ గదికీ మధ్య ఉన్న పది అడుగుల దూరంలో నాలుగు కిలోల ఇనుముతో పాటు రెండేళ్లు కూడా మాయమయ్యాయి. రాసింది చదివి వినిపించి సంతకం తీసుకోవాలని చట్టంలో ఉంది. వినిపించారు కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి? బస్సు కండక్టరు స్టేజీల పేర్లు చదివినట్టు చదివారు. ‘సదరు’, ‘పై తెలిపిన’, ‘సమయమునందు’ అనే మాటల మధ్యలో గునపం రాలేదని ఆ నొప్పిలో ఎవరు పట్టుకుంటారు?

ఇప్పుడు ఆయనకి తను ఇచ్చిన ఫిర్యాదు కాగితమే కావాల్సి వచ్చింది. ఎఫ్‌ఐఆర్‌తో పాటు అది మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్తుంది కాబట్టి అక్కడ సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోమన్నాడు ప్లీడరు గుమస్తా. కోర్టు మా ఊరికి రెండు బస్సుల దూరం. కౌంటర్లో మళ్లీ మొదటి పాఠమే. ‘కేసులో నువ్వు ఎవరు?’ అన్నారు. ‘దెబ్బలు తిన్నవాణ్ణండీ.’ ‘అది సరే, పార్టీవా?’

కాడట. క్రిమినల్ కేసు అంటే ప్రభుత్వానికీ నిందితుడికీ మధ్య వ్యవహారం. భుజం పెదనాన్నది, కేసు ప్రభుత్వానిది. బయటివాళ్లు నకలు అడగాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్ వేయాలన్నారు. స్టేషన్‌లో నోటితో అడిగిన ‘ఎందుకు’నే ఇక్కడ స్టాంపు అంటించి అడిగారు. పెద్ద ఆఫీసు మర్యాద పెద్ద ఆఫీసుదే మరి.

సమాచార హక్కు సంగతి ఏంటని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. 2005 నాటి ఆ చట్టంలో 6వ సెక్షన్ రెండో భాగం చదివి మా తమ్ముడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సమాచారం ఎందుకు కావాలో అర్జీదారుడు చెప్పనక్కర్లేదని పార్లమెంటే రాసిపెట్టింది! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు చేసిన రూల్స్ ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి గడువు 30 రోజులు. కాకపోతే కోర్టు కాగితాల నకళ్లకి హైకోర్టు రూల్స్ ఉన్నాయి కాబట్టి ఆ దారిలోనే రావాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చింది. పోలీసులవైపు అడిగితే, దర్యాప్తుకి ఆటంకమనే 8వ సెక్షన్ ఉంది. అయినా ఐదు రూపాయలే కదా అని స్టేషన్‌కి అర్జీ పెట్టాం.

ఉదయం పెట్టాం. సాయంత్రం అవతలి పార్టీ మా వాకిట్లో ఉంది. వరసకి తమ్ముడే అవుతాడు. మంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, ‘ఏంటన్నా, నా మీద అర్జీ పెట్టావంట?’ అన్నాడు బాధగా. కొట్టినప్పుడు కూడా అంత బాధపడలేదు. జవాబుకి 30 రోజులు గడువిచ్చినవాళ్లు మా ఊళ్లో సమాచారం ఎంత వేగంగా నడుస్తుందో చూడలేదు.

మళ్లీ కోర్టుకే వచ్చాం. అఫిడవిట్ వేశాం, అర్జీ తీసుకున్నారు. నకలుకి ఎన్ని స్టాంపులు కావాలో నోటీసు బోర్డులో పెడతారు. అది చూసుకుని గడువులోగా కట్టాలి, లేదంటే అర్జీ కొట్టేస్తారు. రెండు బస్సుల అవతల ఉన్న మనిషి ఆ బోర్డు ఎలా చూస్తాడనేది వేదాంతానికి సంబంధించిన విషయం. ఒకసారి కొట్టేశారు, రెండోసారి పెట్టాం. గుమస్తాకి టీ ఖర్చులిచ్చి బోర్డుని చూసే బాధ్యత అప్పగించాం. ఇంకోపక్క దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుడికి చెప్పాలని కొత్త చట్టం అంటుంది. అదీ జరిగింది. బజార్లో కానిస్టేబుల్ ఎదురైతే పెదనాన్న అడిగాడు, ‘నడుస్తోంది’ అన్నాడు. బండి ఆపకుండానే.

ఎట్టకేలకు నకలు చేతికొచ్చింది. గునపం ఉంది! మొదటి పేజీ కింది నుంచి నాలుగో వరసలో, పెదనాన్న చెప్పినట్టే ఉంది. ఆయన ఆ మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. నాకు మాత్రం వెనక వైపు ముద్ర నచ్చింది. అర్జీ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ, వరసగా ఐదు గళ్లు. నకలుకి పట్టిన కాలాన్ని అప్పీలు గడువులో లెక్కపెట్టకూడదని 1963 లిమిటేషన్ చట్టంలోనే ఉంది. అంటే ఎన్ని బస్సులు ఎక్కాలో వాళ్లకి అప్పుడే తెలుసు.

కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్లాం. కుర్రాడు కాగితం అందుకుని, గాజు మీద పెట్టబోతూ ఆగి పైనుంచి కిందికి చూశాడు.

‘ఈ గునపం కేసా తాతా? అవతలోళ్లు రెండు నెలల కిందటే పది సెట్లు తీయించుకెళ్లారుగా’ అన్నాడు. తర్వాత కొంచెం నొచ్చుకుంటూ చెప్పాడు. ‘అప్పుడు టోనర్ బాలేదు, మొదటి పేజీ కింద నాలుగు వరసలు సరిగ్గా పడలేదు.’