గ్యాస్ టర్బైన్ శిక్షణకు సూత్రాలు చాలవు, రీడింగులు కావాలి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో మెకానికల్ చదివినవారిని గ్యాస్ టర్బైన్ పనిచేసే ఉష్ణచక్రమైన బ్రేటన్ సైకిల్ గురించి అడిగితే పటం గీసి, దక్షత సూత్రం రాసి చూపిస్తారు. అదే ఇంజనీరును మే నెల మధ్యాహ్నం కంట్రోల్ రూములో కూర్చోబెట్టి, 100 మెగావాట్ల యంత్రం 80 దగ్గరే ఎందుకు ఆగిందని అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. ఈ అంతరాన్ని పూడ్చడమే వృత్తి శిక్షణ చేయవలసిన పని.

ఆ 80నే తీసుకుందాం. తయారీదారులు టర్బైన్ సామర్థ్యాన్ని 15 డిగ్రీల ఉష్ణోగ్రత, 60 శాతం తేమ, సముద్రమట్టపు పీడనం ఉండే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణ) పరిస్థితుల్లో ప్రకటిస్తారు. గాలి వేడెక్కి పలచబడేకొద్దీ, యంత్రాన్ని బట్టి డిగ్రీకి సుమారు 0.5 నుంచి 0.9 శాతం ఉత్పత్తి పడిపోతుంది. 0.7 అనుకుంటే, 40 డిగ్రీల ఎండలో ఆ యంత్రం ఇవ్వగలిగింది 82.5 మెగావాట్లే. అంటే 17.5 వాతావరణం ఖాతాలోది; వెతకవలసింది మిగతా రెండున్నర కోసం. ఈ విభజన తెలియని ఇంజనీరు లేని జబ్బుకు మందు వేస్తాడు, లేదా ఉన్న జబ్బును ఎండ మీదికి నెట్టేస్తాడు.

ఇక్కడ మొదటి అనుమానం గాలిని పీల్చి నొక్కి పంపే కంప్రెసర్ మీదే పడాలి. 1939లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో విద్యుదుత్పత్తికి నెలకొల్పిన గ్యాస్ టర్బైన్ 15.4 మెగావాట్లు పుట్టిస్తే, అందులో 11.4 కంప్రెసరే తీసుకుంది. జనరేటరుకు మిగిలింది 4. నేటి యంత్రాల్లోనూ ఆ వాటా పెద్దదే కాబట్టి, బ్లేడ్ల మీద పలచగా పేరుకున్న మురికి కూడా ఉత్పత్తిని కోసేస్తుంది. ఫిల్టర్ దగ్గర పీడన నష్టం మామూలుగానే ఉండి, అదే పీడన నిష్పత్తికి (గాలి పీడనం ఎన్ని రెట్లు పెరిగిందన్న లెక్కకు) కంప్రెసర్ నుంచి వచ్చే గాలి మాత్రం ఉండవలసిన దానికంటే వేడిగా ఉంటే, మురికిని అనుమానించవచ్చు. అయితే ముందుగా ఆ వేడిని కొలిచే థర్మోకపుల్ సరిగా చూపుతోందో లేదో తేల్చుకోవాలి. ఉప్పుగాలి వీచే మన తీరం వంటి చోట ఈ పరిశీలన మరింత అవసరం. యంత్రం ఆపి కడిగితే పోయే ఉత్పత్తి ఎంత, తిరిగి వచ్చేది ఎంత అన్న లెక్కతోనే షట్‌డౌన్ నిర్ణయం తీసుకోవాలి.

కృష్ణా-గోదావరి గ్యాస్ చాలక మన రాష్ట్రంలోని గ్యాస్ ప్లాంట్లు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నప్పుడు ఈ శిక్షణ ఎవరికని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కానీ టర్బైన్ అంటే గ్రిడ్‌కు కరెంటు ఇచ్చే ప్లాంటు ఒక్కటే కాదు. విశాఖలో నౌకాదళ టర్బైన్లకు ఓవర్‌హాల్ జరుగుతుంది. సాలూరు ఘాట్ దాటి వెళితే ఒడిశాలోని సునాబెడలో ప్రభుత్వ రంగ విమాన సంస్థ హెచ్‌ఏఎల్‌లో యుద్ధ విమానాల ఇంజన్లు తయారవుతాయి. ఉద్యోగాల కోసం ఇక్కడివారు వెళ్లే గల్ఫ్‌లో విద్యుత్తుకు గ్యాసే ప్రధాన ఆధారం.

ఈ శిక్షణకు కోట్ల రూపాయల యంత్రం కొననక్కరలేదు. ప్లాంటు పేరు తీసేసిన గంటవారీ రీడింగులు, కావాలని ఒక తప్పుడు సెన్సర్ విలువ కలిపి చేతికిచ్చి, యంత్రం ఆపి కడగాలా, ఇంకొన్నాళ్లు వేచి చూడాలా అన్నది కారణాలతో ఒక్క పేజీలో రాయమనాలి; హాజరుకు కాక ఆ పేజీకి మార్కులు వేయాలి. కంట్రోల్ రూముల్లో పనిచేసి రిటైరైన ఇంజనీర్లను బోధనకు పిలిస్తే, విజయనగరంలోని జేఎన్టీయూ-జీవీ దీన్ని వేసవి సెలవుల కోర్సుగా మొదలుపెట్టవచ్చు.