మహారాజశ్రీ ఐదు నక్షత్రాల వారికి

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ కోసం హైస్కూలు కుర్రాళ్లకి వేసే రేటింగు నక్షత్రాల వారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నేనెవరో మీకు తెలీదు. తెలియకపోవడం మీకు కొత్తేమీ కాదు కాబట్టి పరిచయం జోలికి పోను.

మా ఊళ్లో పిల్లాడు పుట్టగానే సిద్ధాంతిగారు పంచాంగం తెరిచి నక్షత్రం చెబుతారు. ఇరవై ఏడింటిలో ఏదో ఒకటి ప్రతివాడికీ వస్తుంది. మరీ గండనక్షత్రమైతే శాంతి చేయించమంటారు, అంతే. "మీవాడికి అసలు నక్షత్రమే లేదండీ" అన్న సిద్ధాంతిని నేనింతవరకూ చూడలేదు. ఆ ఘనత తమదే. హైస్కూల్లో ఉన్న కుర్రాడి ఎత్తు, ఎగురు, పరుగు చూసి ఐదో, నాలుగో, మూడో పడేస్తారు. మిగిలిన వేలమంది ఏ నక్షత్రంలోనూ పుట్టలేదన్నమాట.

ఐదు వచ్చినవాడి ఇంటికి కాలేజీ కోచ్‌లు పెళ్లిచూపులకొచ్చినట్టు వస్తారు. సోఫాలో కూర్చుని వాళ్లమ్మతో మర్యాదగా మాట్లాడతారు. ఏమీ రానివాడు మాత్రం సొంత ఫీజు కట్టుకుని కాలేజీలో చేరి, జిమ్ తలుపు తానే తోసుకుని లోపలికెళ్లి "నన్నూ ఆడనిస్తారా" అని అడగాలి. వాళ్లు అతన్ని వాక్-ఆన్ అంటారు. మా భాషలో అయితే పిలవని పేరంటం.

పేరంటంలో మర్యాదలు కూడా వినండి. మొన్నమొన్నటిదాకా డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటల్లో పైమెట్టు, పురుషుల జట్టుకి 13 స్కాలర్‌షిప్పులు. మనవాడు పద్నాలుగోవాడు. అతని ఉద్యోగం ప్రాక్టీసులో, వచ్చేవారం ఎదురుపడబోయే జట్టులా నటించడం. ఈవారం ఒకడి ఎడమచేతి ఆట నేర్చుకోవాలి, పైవారం ఇంకొకడి దొంగ పాసు. వాళ్లందరి తరఫునా స్టార్టర్ల (మొదట బరిలో దిగే ఐదుగురి) దెబ్బలు తినాలి. తనలా తాను ఆడే రోజు మాత్రం టైమ్‌టేబుల్లో ఉండదు. మ్యాచ్ ఎటూ తేలిపోయాక ఆఖరి నిమిషంలో దింపుతారు. స్కోరు పట్టీలో నిమిషాల గడిలో 1, పక్కనంతా సున్నాలు. ఆ వరసని అక్కడి కుర్రాళ్లు సరదాగా 'ట్రిలియన్' అంటారు. మన లెక్కలో లక్ష కోట్లు. సెమిస్టర్ ఫీజుకి అప్పు చేసినవాడు, ఒక్క నిమిషంలో లక్ష కోట్ల ఆసామి!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. 1980ల మొదట్లో షికాగో దగ్గర జెఫ్ హార్నసెక్ అనే కుర్రాడు ఉండేవాడు. తండ్రి హైస్కూల్ బాస్కెట్‌బాల్ కోచ్. అప్పటికి తమరింకా అవతరించలేదు, తమ పూర్వీకులు నోటు పుస్తకాలు పట్టుకుని జిమ్ములు తిరిగేవారు. వాళ్ల పుస్తకంలో ఈ కుర్రాడి పేరు ఎక్కలేదు. హైస్కూలు అయ్యాక పేపర్ కప్పుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. తర్వాత ఐయోవా స్టేట్ యూనివర్సిటీలో జానీ ఓర్ అనే కోచ్ దగ్గర వాక్-ఆన్‌గా చేరాడు.

సన్నటి మనిషి. ఎగిరితే జనం నోరెళ్లబెట్టే రకం కాదు. కానీ తోటివాడు ఖాళీ అవబోయే చోటికి, వాడు ఖాళీ అవకముందే బంతి పంపేవాడు. ఈ విద్య కొలవడానికి తమ దగ్గర టేపు లేదు, ఎందుకంటే అది ఒంటరిగా నిలబెడితే కనిపించదు. పక్కన నలుగురుండాలి. ఇంకో అనుమానం కూడా నాకుంది, ఒప్పుకోకపోయినా పర్లేదు: రోజూ వేరేవాళ్లలా ఆడమని శిక్ష వేస్తే, ఆ శిక్షలోనే వాక్-ఆన్ అందరి ఆటా చదివేస్తాడు. తమరు పరీక్షకి రానివ్వనివాడికి ప్రశ్నపత్రాలన్నీ కంఠస్థం!

హార్నసెక్ స్కాలర్‌షిప్ సంపాదించాడు, స్టార్టర్ అయ్యాడు, కాలేజీ వదిలేనాటికి 665 అసిస్టులు (తోటివాడు బుట్టలో వేసేలా అందించిన పాసులు) చేశాడు. 1986లో కాలేజీ జట్ల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంటు మొదటి రౌండులో ఒహాయోలోని మయామీ మీద, ఓవర్‌టైమ్ ఆఖరి క్షణంలో చాలా దూరం నుంచి వేసిన బంతి సరాసరి బుట్టలో పడింది. 81-79. తర్వాతి రౌండులో మిషిగన్‌ని పడగొట్టారు. ఆ మిషిగన్ ఎవరనుకున్నారు? జానీ ఓర్ అంతకుముందు కోచ్‌గా పనిచేసిన చోటే. ఆ సాయంత్రం ఆయన మొహం దగ్గర్నుంచి చూడలేకపోయానని నాకిప్పటికీ బాధ.

తర్వాత ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే ప్రొఫెషనల్ జట్లు వరసగా ఆటగాళ్లని పిలుచుకునే చోట, 46వ పిలుపు. అక్కడా పేరంటం చివరి బంతే. అయినా పద్నాలుగు సీజన్లు ఆడాడు, 1992లో ఆల్-స్టార్ అయ్యాడు, యూటా జాజ్‌తో రెండుసార్లు ఫైనల్స్‌కి వెళ్లాడు. అతని 14 నంబరు జెర్సీ ఇప్పుడు యూటాలోనూ, ఐయోవా స్టేట్‌లోనూ గౌరవంగా పైకప్పుకి వేలాడుతోంది.

తర్వాత ఎన్‌బీఏ దిగ్గజమైన స్కాటీ పిపెన్ సంగతి తమకి గుర్తుచేయడం మర్యాద కాదు, ఐనా చేస్తాను. 1983లో సెంట్రల్ ఆర్కన్సా కాలేజీ జట్టులో మేనేజరు పనులు (సామాన్లు సర్దే చిల్లర పనులు) చూసుకుంటూ మొదలెట్టిన కుర్రాడు 1987 డ్రాఫ్టులో అయిదోవాడు. మరో ఎన్‌బీఏ దిగ్గజం స్టెఫెన్ కరీకి, తండ్రి చదివిన వర్జీనియా టెక్ వాళ్లు వాక్-ఆన్‌గా కావాలంటే రమ్మన్నారు. అతను డేవిడ్సన్ అనే చిన్న కాలేజీకి వెళ్లిపోయాడు. వర్జీనియా టెక్ వాళ్లు ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఏం తింటారో, ఎలా అరుగుతుందో.

అబద్ధమెందుకు, తమ లెక్క చాలాసార్లు తప్పదు. 2019 డ్రాఫ్టులో మొదటి పిలుపు అందుకున్న జయాన్ విలియమ్సన్‌ని చూసి ఐదు ఇవ్వడానికి పంచాంగం అక్కర్లేదు, కళ్లుంటే చాలు. నా గొడవ తప్పు చెప్పారని కాదు. తప్పాక తమరు మాట్లాడే తీరు గురించి. నక్షత్రం లేనివాడు మెరవగానే "మట్టిలో దాగిన మాణిక్యం" అని రాయిస్తారు. దాగడమేంటండీ? పట్టపగలు, జిమ్ము మధ్యలో, లైట్ల కింద ఆడుతున్నాడు కదా. పక్క ఊరి ర్యాంకరు ఫొటో తెచ్చి తన హోర్డింగు మీద వేసుకునే కోచింగ్ సెంటరుకీ తమకీ నాకు తేడా కనిపించడం లేదు.

ఇప్పుడు తమ రోజులింకా బాగున్నాయి. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, నక్షత్రాలు డాలర్లకి మారుతున్నాయి. 2025-26 నుంచి, కోర్టు కేసు రాజీలో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల జట్టులో 15 మందికి మించి ఉండకూడదు. ఆ పదిహేనుగురికీ స్కాలర్‌షిప్ ఇవ్వచ్చట, సంతోషం. పదహారో కుర్చీ తీసేశారు. పిలవకుండా వచ్చినవాడు ఎక్కడ కూర్చోవాలో నాకు అర్థం కాలేదు, తమకి తెలిస్తే రాయండి.

ఒక్క చిన్న కోరిక. వచ్చే వేసవిలో ఏదో జిమ్ములో మెట్ల మీద కూర్చుని, పిల్లల ఎత్తులు రాసుకుంటూ పేపర్ కప్పులో కాఫీ తాగుతారు కదా. తాగాక ఆ కప్పు పారేసేముందు ఒకసారి తిప్పి చూడండి.

ఇట్లు,
ఏ నక్షత్రమూ పడని ఒక ప్రేక్షకుడు
(వెనకాల, ఆఖరి వరస)